వీపు మీద ఏరు

కిరందుల్ టౌన్‌షిప్‌లో ఉమామహేష్‌ని చొక్కా లేకుండా చూసినవాళ్ళు లేరు. వేసవిలో కరెంటు పోయి, క్వార్టర్ల ముందు మగవాళ్ళంతా బనీన్లతో కుర్చీలు వేసుక్కూచున్న సాయంత్రాల్లో కూడా అతను మెడ దాకా గుండీలు పెట్టుకునే ఉండేవాడు. సిగ్గరి అనుకున్నారు కొందరు. కొంచెం గర్వం కూడా ఉందనుకున్నారు మరి కొందరు.

అసలు సంగతి వీపు. అనకాపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో తాతకి బెల్లం వండే పాక ఉండేది. చిన్నప్పుడు ఒకనాడు ఉమామహేష్ పొయ్యికి వీపు పెట్టి కూర్చుని చెరుకు పిప్పితో ఆడుకుంటున్నాడు. పెనం దించుతున్న ఇద్దరిలో ఒకరికి కాలు జారింది. ఎడమ భుజం మీంచి నడుము దాకా పాకం పడింది. నీళ్ళయితే జారిపోయేవి, పాకం అంటుకుపోయింది. తియ్యబోతే దాంతోపాటు చర్మం వచ్చింది. నెలల తరబడి బోర్లా పడుకున్నాడు. లేచాక వాళ్ళమ్మ అతన్ని చొక్కా లేకుండా గడప దాటనివ్వలేదు. ఆవిడ ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా నేరం మోపలేదు. కప్పేస్తే చాలనుకుంది. ఆ అలవాటు అతనితో పాటే పెరిగి, పాలిటెక్నిక్‌కి వెళ్ళి, ఇనప ఖనిజం గనిలో ఉద్యోగంతో బస్తరులోని ఈ కిరందుల్ దాకా వచ్చింది.

ఉదయశ్రీ మాత్రం కిరందుల్లోనే పుట్టింది. వాళ్ళ నాన్న కూడా ఇక్కడే పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి మీదా, చెట్ల మీదా, ఉతికి ఆరేసిన బట్టల మీదా పడే ఎర్రటి ధూళిని ఆమె ఎప్పుడూ విసుక్కోలేదు, పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి. పెళ్ళయిన రెండో ఏడు విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఒక పాత కెమెరా, దానికి మాక్రో లెన్సు కొనుక్కుంది. బెత్తెడు దూరం నుంచి తియ్యగలిగే లెన్సు అది. తీగ మీది తుప్పు, కుళాయి మూతికి పట్టిన సున్నం, తెల్లారి రాలిన ఇప్పపువ్వు లోపలి నూగు, కిటికీ అద్దం మీద ధూళిలో వాన చుక్క గీసిన చార, ఇలాంటివి తీసేది. ఏ వస్తువో పోల్చుకోలేనంత దగ్గరికి వెళ్ళేది. తీసినదాన్ని పక్కింటివాళ్ళకి చూపించి ఏమిటో చెప్పమనేది. వాళ్ళు తప్పు చెబితే ఆమెకి సంతోషం.

మొగుడి వీపు ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెయ్యి వేసి, నొప్పా అని అడిగింది. లేదన్నాడు. మళ్ళీ ఆ మాట రాలేదు. చలికాలం వస్తే ఆ చర్మం బిగుసుకుని పగిలేది, ఆమె కొబ్బరినూనె రాసేది. నవంబరులో ఒక ఆదివారం పొద్దున్న అలా రాస్తోంది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వీపు మీద పడుతోంది. ఆమె చెయ్యి ఆగింది.

"ఒక్క ఫోటో తీసుకోనాండీ?" అంది.

ఆ వీపుని అతను కూడా సరిగా చూసింది లేదు. అద్దం ముందు మెడ తిప్పితే భుజం దగ్గర కొంచెం కనిపించేది, అంతే. తియ్యమన్నాడు.

నీడ మరీ నల్లగా పడకుండా ఆమె రెండో పక్కన తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెట్టింది. ఊపిరి బిగబట్టమంది. లెన్సు చల్లదనం తగిలేంత దగ్గరికి వచ్చింది. తీశాక చూపిస్తే, గోధుమ రంగు మట్టిలో మెరుస్తూ పాయలుగా విడిపోయి మళ్ళీ కలిసిన నీళ్ళలా ఉంది. గట్లలా లేచిన మచ్చల మధ్య నూనె నిలిచి మెరుస్తోంది. ఉమామహేష్ చాలాసేపు చూసి, ఇది తన ఒళ్ళులా లేదన్నాడు. మంచి ఫోటో అయితే అలాగే ఉంటుందంది ఆమె. అంతటితో అతను ఆ సంగతి మరిచిపోయాడు.

డిసెంబరులో టౌన్‌షిప్ క్లబ్బులో ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఉమామహేష్ సెక్షన్లోనే పనిచేసే క్లబ్బు సెక్రటరీ చక్రధరరావు ఉదయశ్రీ చేత పది ఫోటోలు పెట్టించాడు. పేర్లు లేవు, నంబర్లే. ఏది దేని ఫోటోయో చూసేవాళ్ళే చెప్పాలి. ఉమామహేష్ షిఫ్టు దిగి అటునుంచి అటే వెళ్ళాడు. ఏడో నంబరు దగ్గర జనం మూగి ఉన్నారు. తలల మీదుగా చూస్తే గోడ మీద కిటికీ అంత వెడల్పున తన వీపు ఉంది.

అతనికి కోపం రాలేదు, భయం వెయ్యలేదు. ఊరికే నిలబడి విన్నాడు. ఇంద్రావతి నదిని విమానంలోంచి తీసుంటారని ఒకాయన అన్నాడు. కాదు, ఎండిన చెరువన్నాడు ఇంకొకాయన. మద్దిచెట్టు బెరడు అని చక్రధరరావు భార్య వరహాలమ్మ పట్టుబట్టింది. ఏదైతేనేం, చూస్తుంటే ప్రాణం హాయిగా ఉందని కూడా ఆవిడే అంది. మిగతా తొమ్మిదింటికీ జవాబులు చదివిన ఉదయశ్రీ ఏడో నంబరుకి మాత్రం చెప్పనంది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ ఫోటోనే క్లబ్బు కొత్త క్యాలెండరు మీద వేస్తున్నట్టు చక్రధరరావు మైకులో ప్రకటించాడు.

ఇంటికొచ్చాక ఉమామహేష్ అడిగింది ఒకటే.

"ఎవరికైనా సెప్పేవేటి?"

"లేదండి. ఎప్పటికీ చెప్పను."

"నన్నడగాలని తోచలేదేటి?"

ఆమె కంచంలో అన్నం వడ్డించి అక్కడే నిలబడింది. అడిగితే వద్దంటారని అడగలేదని చివరికి ఒప్పుకుంది. అతను తిని, చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. తరవాత కొన్నాళ్ళు ఇద్దరి మధ్యా మాటలు పప్పూ ఉప్పూ దాటలేదు. కెమెరా బీరువా మీదికి చేరింది.

జనవరి వచ్చేసరికి క్యాలెండరు ఊరంతా ఉంది. క్యాంటీన్లో టీ తాగుతుంటే ఎదురుగా తన వీపు. మంగలి షాపులో అద్దంలో, తలకి పైన, తన వీపు. డిస్పెన్సరీలో, కిరాణా కొట్లో, పక్కనే ఉన్న బచేలీలో బంధువుల ఇంట్లో కూడా. మొదట్లో అటు చూసేవాడు కాదు. తరవాత తరవాత చూడ్డం అలవాటైంది. జనం దాని గురించి మాట్లాడుకోవడం వింటూ కూర్చునేవాడు. అది తనదే అయినా తనకి సంబంధం లేనిదిగా ఉండేది. ఒక్కోసారి మాత్రం చొక్కా లోపల వీపు దురద పెట్టేది.

మార్చి మొదట్లో సెక్షన్ వాళ్ళంతా పిక్నిక్ పెట్టుకున్నారు. కొండ దిగువన అడవిలో వాగు ఒకటుంది, గని ఎరుపు అంటని వాగు. రెండు జీపుల్లో వెళ్ళారు. ఆడవాళ్ళు రాలేదు. మేకమాంసం ఉడుకుతుండగా అందరూ నీళ్ళలోకి దిగారు. ఎప్పటిలాగే ఉమామహేష్ గట్టు మీద కూర్చుని పొయ్యి చూసుకుంటానన్నాడు. ఎప్పటిలాగే ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఎండ మెడ మీద చుర్రుమంటోంది. ముందుగా అనుకుని చేసింది కాదు. చేతులు గుండీల మీదికి వెళ్ళాయి. చొక్కా, బనీను విప్పి, మడతపెట్టి రాయి మీద పెట్టి, వాగులోకి దిగాడు.

మాటలు సన్నగిల్లాయి. వీపు వెనక ఆ నిశ్శబ్దం అతనికి తెలుస్తూనే ఉంది. ఇది ఆ ఫోటోయేనని ఒక్కడైనా అనకపోతాడా అని ఆగాడు. వీళ్ళలో సగం మంది ఏడో నంబరు దగ్గర పావుగంట చొప్పున నిలబడినవాళ్ళు. దాదాపు అందరి ఇళ్ళలోనూ క్యాలెండరు ఉంది. అతను కావాలనే వాళ్ళకి వీపు తిప్పి, నడుము లోతు నీళ్ళలో నిలబడ్డాడు. వెనక్కి తిరిగేసరికి ఒకడు ఆకులకేసి చూస్తున్నాడు, ఒకడు సబ్బు వెతుక్కుంటున్నాడు. చక్రధరరావు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి, "ఎప్పుడు కాలింది బాబూ? ఇన్నాళ్ళూ తెలీలేదు. పాపం," అన్నాడు.

చిన్నప్పుడని చెప్పాడు ఉమామహేష్.

సెక్షన్లో హెల్పరుగా చేసే జోగ ఒక్కడే చూపు తిప్పుకోలేదు. ఈదుకుంటూ వచ్చి పక్కన నిలబడి వీపుని పైనుంచి కిందదాకా చూసి, నిప్పుతో కాలిందా అని హిందీలో అడిగాడు.

"ఆగ్ కా హై, సాబ్?"

"నై. గుడ్ కా."

బెల్లమా అని జోగకి నవ్వొచ్చింది. తరవాత ఉమామహేష్ ముఖం చూసి ఆపబోయాడు గానీ ఆగలేదు. ఉమామహేష్‌కి కూడా నవ్వొచ్చింది. గట్టు మీదున్న సబ్బుబిళ్ళ అందుకుని జోగ చేతికిచ్చి, చేరనిచోట కాస్త రుద్దమన్నాడు. జోగ కూడా ఫోటో సంగతి ఎత్తలేదు. హెల్పర్లకి క్లబ్బులో సభ్యత్వం ఉండదు, వాళ్ళింట్లో ఆ క్యాలెండరు ఉండే అవకాశం లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఉదయశ్రీని పిలిచి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాడు. చాలా రోజుల తరవాత అన్ని మాటలు మాట్లాడాడు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. చివర్న మాత్రం కళ్ళు తుడుచుకుని, అదే ఫోటో అని వాళ్ళకి ఎందుకు చెప్పలేదని అడిగింది.

"సెప్తే మళ్ళీ సూద్దురు. అప్పుడు బాగుందందురు. నాకది అక్కర్లేదనిపించింది ఉదయా."

కాసేపయ్యాక కెమెరా తెమ్మన్నాడు. ఆమె బీరువా మీంచి దించి, అలవాటుగా మాక్రో లెన్సు తగిలించబోయింది. అది వద్దన్నాడు. దూరం నుంచి తియ్యమన్నాడు, మొత్తం కనబడేలా. ఆమె మామూలు లెన్సు పెట్టుకుని తలుపు దాకా వెనక్కి జరిగింది. అతను కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. ఇంత దూరం నుంచి తియ్యడం అలవాటు తప్పి, ఫోకస్ కుదరడానికి ఆమెకి కాసేపు పట్టింది.

అందులో ఏరు లేదు, చెరువు లేదు. కొంచెం వంగిన భుజాలు, మెడ మీద వెంట్రుకలు, సగానికి పైగా కాలిన ఒక మగవాడి వీపు ఉన్నాయి. ఉమామహేష్ దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. తను ఊహించుకున్నదానికన్నా తక్కువే కాలింది. ఆ మాటే పైకన్నాడు. నడుము దగ్గర ఒక పుట్టుమచ్చ ఉందని కూడా అతనికి అప్పుడే తెలిసింది.

ఆ ఫోటో ఎక్కడా పెట్టలేదు. కెమెరాలోనే ఉంది. ఆ ఏడాదంతా క్యాలెండరు దాని మానాన అది గోడల మీద ఉంది, నెలలు చిరిగాయి. ఉమామహేష్ బయట చొక్కా వేసుకునే తిరుగుతున్నాడు, పై గుండీ మాత్రం పెట్టుకోవడం మానేశాడు. ఉదయశ్రీ మళ్ళీ ఫోటోలు తీస్తోంది. వానాకాలం మొదట్లో అతను నిద్రపోతుండగా చెవి వెనక చర్మాన్ని ఫోటో తీసి, లేచాక చూపించి, ఉంచనా అని అడిగింది. బాగుంది గానీ వద్దన్నాడు. ఆమె అక్కడే, అతని కళ్ళ ముందే చెరిపేసి, పెరట్లో పుట్టిన పుట్టగొడుగులు తియ్యడానికి వెళ్ళింది.