ఇరవై మూడో రోజా

ఈ రంజాన్‌లో షబీనా ఒక్క రోజా కూడా వదల్లేదని ఇంట్లో అందరికంటే ముందు లెక్కపెట్టుకున్నది ఆమె అత్త బడేబీ. నెలసరి వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఉపవాసం ఉండరు. పెళ్ళయిన నాలుగేళ్ళుగా ప్రతి రంజాన్‌లోనూ షబీనా అయిదారు రోజులు వదిలేది. ఆ రోజుల్లో బడేబీ ఏమీ అడగదు. కోడలికి గిన్నెలో అన్నం పెట్టి, మూత వేసి తన పనిలో పడుతుంది. ఈసారి ఇరవై రెండో రోజా నడుస్తున్నా ఆ గిన్నె దించే పని పడలేదు. బడేబీ ముఖంలో సంతోషం దాచినా దాగడం లేదు. నీళ్ళ బిందె కూడా కోడల్ని ఎత్తనివ్వడం లేదు.

షబీనాకు ఆ ప్రేమే బరువుగా ఉంది. నెలసరి నాలుగు రోజులు దాటిన మాట నిజం. కడుపులో తిప్పుతోంది. మైపాడు వీధిలో ఎండుచేపల వాసన తగిలితే చాలు, పరుగు తీయాల్సి వస్తోంది. కానీ భర్త షఫీ నెల్లూరు నుంచి తెచ్చిచ్చిన రెండు గర్భపరీక్ష కిట్లలోనూ ఒకటే గీత.

ఆ మధ్యాహ్నం కుట్టుమిషను ముందే కళ్ళు తిరిగాయి. కాస్త తేరుకున్నాక, ఊళ్ళో నర్సు ధనలక్ష్మి దగ్గరికి వెళ్ళింది.

"పరీక్ష ఎప్పుడు చేసుకున్నావు?"

"తెల్లారుజామునే అక్కా. సహరీ అన్నం తిన్నాక."

"నీళ్ళెన్ని తాగినావు?"

"పగలంతా తాగకూడదు కదా... ఒక చెంబు. రెండోసారి రెండు చెంబులు."

ధనలక్ష్మి నవ్వింది. "మజ్జిగలో బిందెడు నీళ్ళు పోసి వెన్న కనపడలేదంటే ఎట్లామే? అదీగాక నెల దాటి నాలుగు రోజులే. తొందరపడినావు. వారం ఆగి, నిద్ర లేవగానే, గుక్కెడు నీళ్ళు కూడా తాగకముందు చెయ్యి. అప్పుడూ ఒకటే గీతుంటే రక్తపరీక్ష చేయిద్దాం. పస్తులకు కూడా కడుపు తిప్పుద్ది, నెల వెనక్కిపోద్ది. థైరాయిడ్ ఉన్నా ఇట్లే ఉంటుంది. ఏదైనా కనుక్కోవచ్చు. బీపీ మాత్రం బాగా తగ్గింది. రేపట్నించి రోజా మానెయ్."

"మానేస్తే నెలసరి వచ్చిందనుకుంటుందక్కా మా అత్త."

"రాలేదని చెప్పు."

"చెప్తే కడుపే అనుకుంటుంది. అదీ తెలీదు కదా."

"తెలీదనే చెప్పు. నీ నోటికి మాటలక్కూడా రోజానా ఏంది?"

సాయంత్రం బడేబీ గంజికి బియ్యం ఏరుతోంది. షబీనా ఎదురుగా కూర్చుంది. "రేపు నేను రోజా ఉండను అత్తా."

చేట ఆగిపోయింది. "సరేలేమ్మా," అంది బడేబీ మెల్లగా. లేచి గిన్నె కోసం అటక వైపు చెయ్యి చాపింది. వెనక నుంచి చూస్తే ఆమె భుజాలు ఒక్కసారిగా కుంగినట్టున్నాయి.

"అది రాలేదత్తా!" షబీనా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా పలికింది. "రాలేదు. కానీ పరీక్షలో లేదంటోంది. రెండుసార్లు చూసినా. కళ్ళు తిరుగుతున్నాయని నర్సక్క మానెయ్యమంది. ఉందో లేదో నాకే తెలీదు. నువ్వు ఆశ పెట్టుకుని..."

బడేబీ గిన్నె వదిలేసి వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. "కళ్ళు తిరిగిందాకా పస్తుంటావా? నాకొక మాట చెప్పొద్దా? నా ఆశ నీ ప్రాణం కంటే ఎక్కువా పిచ్చిదానా!" కోడలి తల నిమిరింది. "షఫీ కడుపులో పడితే మూడు నెలలు అజీర్తనుకుని వాము నమిలినాను నేను. కడుపు నాది, తెలిసింది మాత్రం ఊరందరికీ. తెలీనప్పుడు తెలీనట్టే ఉందాం. రేపు పొద్దున ఏం వండను, అది చెప్పు."

నాలుగు రోజుల్లో మొదటిసారి షబీనాకు గుండె తేలికపడింది.

ఎనిమిది రోజులకు పండగ వచ్చింది. షఫీ నమాజుకు ఈద్గాకు బయల్దేరాక, షబీనా గుక్కెడు నీళ్ళు కూడా తాగకముందు పరీక్ష చేసిన కిట్టు పట్టుకుని వాకిట్లో వెలుగులోకి వచ్చింది. బడేబీ కళ్ళజోడు పెట్టుకుంది.

"ఒకటే ఉందే!"

"ఆగత్తా, అయిదు నిమిషాలు కానీ."

"ఆగితే మొలుస్తుందా?" అంటూనే ఇంకా వంగింది. "ఇదేందిది, పక్కన మరకలాగా?"

మరక లేతగులాబీ రంగులో నిలువునా సాగింది.

"గీతే అత్తా," అంది షబీనా. "నర్సక్కకు చూపించిందాకా ఎవరికీ చెప్పొద్దు."

"నేనెవరికి చెప్తాను?" అంది బడేబీ, అప్పటికే వీధిలోకి కాలు పెట్టి.