మిగులు కాగితాలు

"మీ వదిన దగ్గర సెలవులు బోలెడున్నాయి. ఇరవై రెండు రోజులు, ఒక్కటి కూడా వాడకుండా దాచుకుంది. నువ్వేం కంగారు పడకు" అంటున్నాడు మా ఆయన పక్క గదిలో, ఫోన్లో తన చెల్లెలితో.

నేను ముందు గదిలో కింద కూర్చుని మా అమ్మాయి నిరుటి నోటు పుస్తకాల్లోంచి ఖాళీ కాగితాలు విడదీస్తున్నాను. ఏటా బడి మూసేశాక వచ్చే మొదటి ఆదివారం నాకీ పని ఉంటుంది. పుస్తకం నడుమ పిన్నులు విప్పి, రాసినవి ఒక పక్కకి, రాయనివి ఒక పక్కకి వేసి, రాయనివన్నీ అంచులు కలిపి దబ్బనంతో కుడతాను. లెక్కల పుస్తకంలోని గళ్ళ కాగితం, చేతిరాత పుస్తకంలోని నాలుగు గీతల కాగితం, బొమ్మల పుస్తకంలోని తెల్ల కాగితం, అన్నీ ఒకే అట్టలో. ఎవరూ చెప్పకుండానే చేస్తాను. ఎవరికి కావాలో కూడా ఎప్పుడూ అడగలేదు.

"పదో తారీఖున అమ్మ మోకాలి ఆపరేషన్. ఇంటికొచ్చాక మూడు వారాలు మనిషి దగ్గరుండాలన్నాడు డాక్టరు. ఆ, మీ వదిన ఉంటుందిగా. ఇంకా చెప్పలేదు. చెప్పేదేముంది, సర్దుకుంటుంది."

నా చేతిలో దబ్బనం ఆగిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ ఇరవై రెండు రోజులూ ఎలా పోగయ్యాయో చెప్తాను. నిరుడు వానాకాలంలో జ్వరం నూట రెండున్నా మాత్ర మింగి ఆఫీసుకెళ్ళాను. పన్ను పీకించుకోవడానికి మధ్యాహ్నం భోజనం వేళ పరిగెత్తి, నోట్లో దూదితో తిరిగొచ్చి, వచ్చినవాళ్ళందరికీ సాయంత్రందాకా సైగలతో సమాధానం చెప్పాను. ఒక పెద్దాయన నన్ను మూగదాన్ననుకుని "పాపం, మాట రాకపోయినా ఎంత చక్కగా చేస్తోందో" అని పక్కాయనతో అన్నాడు. కాలు బెణికితే ఆ వాపుకి మా ఆయన చెప్పులే పట్టాయి కనక అవే వేసుకుని కుంటుకుంటూ వెళ్ళాను. మా ఆఫీసులో వాడని సెలవులు మరుసటి ఏడాదికి కలుస్తాయి. మా ఆయన ఆఫీసులోనూ కలుస్తాయి గానీ, ఆయన వాటిని ఏటా ఆఫీసుకే తిరిగి అమ్మేస్తాడు. గోడ మీదున్న మంచమంత టీవీ అలా వచ్చిందే. ఆయన దాచుకున్న సెలవు ఆయన ఆస్తి. నేను దాచుకున్నది మాత్రం ఊళ్ళో వాళ్ళందరిదీ.

అవి దేనికోసమో నేను ఇంట్లో చెప్పకపోలేదు. నేను పనిచేసేది పాత రికార్డుల విభాగంలో. ముట్టుకుంటే పొడి రాలే రిజిస్టర్లు, మడతల దగ్గర విడిపోయిన పటాలు. వాటిని ఎలా శుభ్రం చేయాలో, చిరిగినచోట ఎలా అతకాలో, ఊడిన కట్టుని మళ్ళీ ఎలా కుట్టాలో వేరే ఊళ్ళో మూడు వారాలు నేర్పుతారు. బస ఆఫీసు చూస్తుంది, సెలవు మాత్రం మనదే పెట్టుకోవాలి. అది నేర్చుకున్నవాళ్ళకే రికార్డు గది అప్పగిస్తారు. రెండేళ్ళ క్రితం నా పేరు వస్తే ఆడపడుచు కాన్పని మానేశాను. ఇప్పుడు మళ్ళీ వచ్చింది. ఎనిమిదో తారీఖున మొదలు. "సోమవారం సాయంత్రంలోగా సెలవు దరఖాస్తు నా బల్ల మీద ఉండాలమ్మా. ఈసారి కూడా మానేశావంటే ఇంక నీ పేరు పంపను, నా మాట పోతుంది" అన్నారు మా సూపరింటెండెంటు గారు. ఆ సంగతి ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. టీవీ చూస్తూ "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"ని నేను సరేననుకున్నాను. పదహారేళ్ళ కాపురంలో నేను చేసిన తప్పుల్లో ఇలా అనుకోవడం చాలా పాతది.

ఈ కాగితాలు కుట్టే విద్య నాకు అబ్బింది ఎలిమెంటరీ స్కూల్లో. పొడుగాటి గది ఒక్కటే మా బడి. మధ్యలో నల్లబల్ల నిలబెట్టి అటు మూడో తరగతి, ఇటు నాలుగూ ఐదూ తరగతులు కూర్చునేవాళ్ళం. అటువాళ్ళ ఎక్కాలూ ఇటువాళ్ళ పద్యాలూ కలిసిపోయేవి. రేకుల కప్పు మీద వాన పడితే ఎవరి గొంతూ ఎవరికీ వినపడేది కాదు. అప్పుడు మా టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఊరికే నవ్వుతూ కూర్చునేది. ఆవిణ్ణి మేమంతా అద్దాల టీచరు అనేవాళ్ళం. ఆ వాన చప్పుడు తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అక్కడ అందరికీ ఏదో ఒకటి దాచే పిచ్చి. ఒకడు పెన్సిలు ముక్కలు దాచేవాడు, వేళ్ళకందనంత చిన్నవైతే వెనక పెన్ను మూత తగిలించి రాసేవాడు. నా పక్కన కూర్చునే పిల్ల రేకు డబ్బాలో చిల్లర వేసుకుని, రోజూ చెవి దగ్గర ఊపి, "నిన్నటికంటే తక్కువ మోగుతోందే" అని దిగులు పడేది, నిండేకొద్దీ చప్పుడు తగ్గుతుందని తెలియక. నేను దాచేది కాగితాలు.

ఎందుకంటే మా అద్దాల టీచరు ఒక పద్ధతి పెట్టింది. ఏడాది చివరి రోజుని మిగులు రోజు అనేది. అందరం సూదీ దారం పట్టుకెళ్ళాలి. పుస్తకాల్లో మిగిలిన ఖాళీ కాగితాలన్నీ తీసి అక్కడే కుట్టుకోవాలి. ఎవరి కుట్టు పుస్తకం లావుగా ఉంటుందో టీచరు స్కేలుతో కొలిచి, వాళ్ళకి గట్టి అట్ట ఉన్న రెండొందల పేజీల కొత్త నోటు పుస్తకం బహుమతిగా ఇచ్చేది. నాకు ఆ కొత్త పుస్తకం కావాలి. అందుకని ఏడాదంతా ఒక్కో గీత మీద రెండు వరసలు ఇరికించి చీమల బారులా రాసేదాన్ని. "నా కళ్ళు పోతున్నాయే, కాస్త పెద్దగా రాయవే తల్లీ" అని టీచరు మొత్తుకునేది. నేను వినలేదు. మూడేళ్ళు వరసగా బహుమతి నాకే వచ్చింది.

మొదటి ఏడు ఆ పుస్తకం మొహానికి ఆనించుకుని వాసన చూసుకుంటూ ఇంటికొచ్చాను. ఇంటికెళ్ళి తీరిగ్గా పేరు రాసుకుందామని దారిలో దాని మీద గీత కూడా గీయలేదు. మా అమ్మ అందుకుని తిరగేసి, "ఇంకా పేరు రాయలేదు, మంచి పని చేశావు. తమ్ముడి పేరు రాద్దాం. నీకు కుట్టుకున్నది ఉందిగా" అంది. రెండో ఏడు తెలివి తెచ్చుకుని బడి గుమ్మం దగ్గరే పెన్సిల్‌తో పేరు రాసేసుకున్నాను. అమ్మ రబ్బరుతో తుడిచింది. తుడిచినా నా పేరు నొక్కు కనిపిస్తూనే ఉంది, దాని మీదే తమ్ముడి పేరు పడింది. మూడో ఏడు పెన్నుతో రాశాను. దాని మీద చీటీ అతికించింది. నేను ఏడిస్తే "వాడు చిన్నవాడు, వాడికి సర్దుకోవడం రాదు. నువ్వు బంగారు తల్లివి" అంది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నా కుట్టు పుస్తకం తీసి చూపించేది. "దీని పొదుపు చూశారా" అని నాన్న మురిసిపోయేవాడు. మా తమ్ముడు ఆ రెండొందల పేజీల పుస్తకంలో పది పేజీలు రాసి, ఇరవై పేజీలు రాకెట్లు చేసి ఎగరేసి, మిగతాది మంచం కింద పడేసేవాడు. ఏడాది చివర ఆ మంచం కిందకి దూరి దాన్ని తీసి, అందులో ఖాళీ కాగితాలు విడదీసి నా పుస్తకంలో కుట్టుకునేదాన్ని. నాకొచ్చిన బహుమతిలో వాడికి అక్కర్లేనిది నాకు మిగులు. అదేమిటని అడగాలని నాకప్పుడు తట్టలేదు. ఇప్పటికీ మా తమ్ముడు నలుగురిలో ఈ కథ చెప్పి నవ్వుతాడు. "మా అక్కకి కొత్త పుస్తకం ఇచ్చినా వద్దంటుంది బావా, చిన్నప్పట్నుంచీ అంతే" అంటాడు. నేనూ నవ్వాను, ఒకసారి కాదు, పదిసార్లు. అందుకు నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

ఫోను పెట్టేసి మా ఆయన ముందు గదిలోకొచ్చాడు. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో మోకాలికి వేడి సంచి పెట్టుకుని ఉంది. మా అమ్మాయి వచ్చి నేను కుట్టినదాన్ని రెండు వేళ్ళతో తిరగేసింది. దానికి పదేళ్ళు.

"అమ్మా, ఇది నాకొద్దు" అంది.

"ఏం?" అన్నాను.

"ఒక్కో పేజీ ఒక్కోలా ఉంటుంది. బళ్ళో అందరూ నవ్వుతారు. నాకు కొత్తది కావాలి."

దాని గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. మంచినీళ్ళు కావాలని అడిగినట్టు అడిగింది. ఇంత చిన్న మాట మూడేళ్ళపాటు నా నోట్లోంచి ఎందుకు రాలేదా అనిపించింది.

"అలా అనకూడదు. మీ అమ్మని చూసి నేర్చుకో. నీ వయసులో పొదుపులో బహుమతులు తెచ్చుకుంది" అన్నాడు మా ఆయన.

"నాకు పొదుపంటే ఇష్టం లేదు. అప్పుడూ లేదు. నాకు కొత్త పుస్తకం కావాలి, అంతే. అడగడం చేతకాక దాచుకున్నాను" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు. దబ్బనం దారపుండకి గుచ్చి లేచి నిలబడ్డాను. "ఎనిమిదో తారీఖున నా శిక్షణ మొదలు. ఏడున బయల్దేరతాను. ఆపరేషన్‌కి మీ సెలవులు పెట్టండి. ఈ ఏడాదివి ఇంకా అమ్మలేదుగా."

"శిక్షణేమిటి? ముందే చెప్పొచ్చుగా."

"చెప్పాను. ఊఁ అన్నారు."

"అమ్మ పనులు నేనెలా చేస్తాను? స్నానం అదీ."

"ఆసుపత్రి ఆయమ్మతో మాట్లాడతాను, పొద్దున్నే వచ్చి స్నానం చేయించి వెళ్తుంది. మందులివ్వడం, నడిపించడం, వేళకి తిండి పెట్టడం, పక్క సర్దడం మీరు చెయ్యాలి. కాగితం మీద రాసిస్తాను, పెద్ద అక్షరాలతో."

"వాడికేం తెలుస్తుందమ్మా, మగాడు" అంది అత్తయ్య కిటికీ దగ్గర్నుంచి.

"నాకూ పుట్టగానే తెలీదు అత్తయ్యా. మామయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. పదకొండు రోజుల సెలవు పట్టింది."

ఆవిడ ఒప్పుకున్నదీ లేదు, కాదన్నదీ లేదు. కొడుకు వైపు తిరిగి, "టీ పెట్టడం వచ్చా నీకు?" అని అడిగింది.

"రాదు" అన్నాడాయన, ఎవరో ఆ ప్రశ్న తనని మొదటిసారి అడిగినట్టు. నిజంగా మొదటిసారే.

ఆ రోజు సాయంత్రం మా అమ్మాయిని వెంటబెట్టుకుని కొట్టుకెళ్ళి రెండు పుస్తకాలు కొన్నాను. ఒకటి దానికి, ఒకటి నాకు. దానిది అది పట్టుకుంది, నాది నేను పట్టుకున్నాను. దారిలోనే పేర్లు రాసుకున్నాం.

సోమవారం మధ్యాహ్నం సెలవు దరఖాస్తు ముందు పెట్టుకుని కూర్చున్నాను. దాంట్లో "కారణం" అని ఒక చిన్న గడి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ గడిలో రాసినవన్నీ నాకు గుర్తే. అత్తగారి కంటి ఆపరేషన్. పాప పరీక్షలు. మామగారి అనారోగ్యం. ఆడపడుచు కాన్పు. మరిది ఇల్లు మారడం. అన్నీ చీమల బారులా, గడిలో సగం ఖాళీ మిగిలేలా రాసినవే. ఆ సగంలో ఇంకెవరి అవసరమైనా పడుతుందేమో అన్నట్టు మిగిల్చేదాన్ని. పెన్ను మూత తీసి, "నా కోసం" అని పెద్దగా రాశాను.

గడి సరిపోలేదు.