మట్టిగొట్టాల ఊరు

అరోరా నగరానికి పడమరగా గంట ప్రయాణం చేస్తే వచ్చే ఆ ఊరు ఒకప్పుడు ఊరే కాదు, రెల్లు మొలిచిన చిత్తడినేల. తొలితరం రైతులు నేల కింద మట్టిగొట్టాలు పరిచి, నీళ్లను వాగులోకి మళ్లించి మొక్కజొన్న వేశారు. ఈ సంగతి త్రివేణికి చెప్పింది పక్కపొలం ముసలావిడ డోరిస్.

"మా అందరి నీళ్లూ నీ చేని కిందనుంచే పోతాయి" అంది.

త్రివేణి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి అక్కడ పొలం కొని గోంగూర వేసింది. రెండు వేసవులు బాగా పండింది. ఇంతలో ఎగువ పొలాన్ని దామోదర్ కొన్నాడు, ఇళ్లు కట్టి అమ్మడానికి. లారీలకొద్దీ మట్టి పోయించి మెరక చేశాడు. తర్వాతి వానకే నీళ్లన్నీ త్రివేణి చేలోకి దిగి గోంగూర వేళ్లతో సహా కుళ్లింది.

అడగబోతే అతను కారు అద్దం పూర్తిగా దించలేదు.

"వాటర్ పల్లానికే కదా పోతుంది అక్కా, నేనేం చేస్తాను? ఆ ల్యాండ్ నాకు అమ్మేయండి, హాయిగా ఉంటారు."

అతనికి కావలసింది తన చేనేనని త్రివేణికి అప్పుడర్థమైంది. మర్నాడే సరిహద్దు దగ్గర తవ్వి, ఎగువ నీళ్లు తెచ్చే పాత మట్టిగొట్టం పగలగొట్టి, బంకమట్టీ రాళ్లూ కూరి కసిదీరా తొక్కింది. పైన గట్టు పోయించింది. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు వానలకు దామోదర్ కొత్త ఇంటి బేస్‌మెంట్‌లో మోకాలిలోతు నీళ్లు ఊరాయి. కొందామని చూడవచ్చినవాళ్లు బూట్లు చేతబట్టుకుని వెళ్లిపోయారు. అతను బురదలో జారుతూ పరుగున వచ్చాడు.

"ప్లీజ్ అక్కా, కింద పైప్ బ్లాక్ అయిందంట. ఓపెన్ చేయనివ్వండి."

"ముందు నువ్వు పోసిన మట్టి తీయించు."

"మొత్తమా?"

"మొత్తం."

మట్టి ఎత్తుకుని లారీలు తిరిగిపోతుంటే త్రివేణి కుర్చీ వేసుకుని, టీ తాగుతూ, కళ్లారా చూసింది. అంత రుచైన టీ ఆమె ఎన్నడూ తాగలేదు.

ఆఖరి లారీ వెళ్లాక కంచె దగ్గర డోరిస్ కనిపించింది. వెనక ఆమె సోయా చేను నీళ్లలో పసుపెక్కి నిలబడి ఉంది. ఆమె పొలం నీళ్లూ అదే గొట్టంలోంచి పోవాలన్న మాట త్రివేణికి కోపంలో తట్టనే లేదు.

"గొట్టం మూసింది నువ్వేనా?" అంది డోరిస్.

"నేనే. మీ సంగతి మరిచిపోయాను."

డోరిస్ వెనుదిరిగి వెళ్లిపోయింది. త్రివేణి అప్పటికప్పుడే గొట్టం తెరిచింది. డోరిస్ మళ్లీ విత్తుకుంది కానీ, మళ్లీ కంచె దగ్గరికి రాలేదు.

దామోదర్‌ను ఏడిపించినందుకు త్రివేణికి ఇప్పటికీ బాధ లేదు. డోరిస్ ట్రక్కు ఎదురైతే మాత్రం తల తిప్పుకుంటుంది.