ఆరకూడని చొక్కా

తెల్లారి కుళాయి రాగానే ఆ లాండ్రీలో ముందు తడిసేవి ప్లీడర్ల నల్లకోట్లు. కొట్టు కోర్టు గేటుకు ఎదురుగా ఉంది మరి. పిండి దండెం మీద వేయడమే ఆలస్యం, కోట్లు తమ తమ వాటంలోకి వచ్చేస్తాయి. ఒకటి చెయ్యి ఝాడిస్తుంది, ఇంకొకటి జడ్జిగారి ముందు వంగినట్టు వంగుతుంది. తొడుక్కున్నవాళ్లు ఒళ్లు పెట్టి చేసిన పనిని తడిబట్ట ఆరేదాకా చేసి చూపిస్తుంది, ఆరాక మరిచిపోతుంది. బట్టలంటే అంతే. అందుకే ఎవరూ దండెం వీధివైపు కట్టరు.

లాండ్రీ నడిపే అమ్మ పెరటి చుట్టూ నిలువెత్తు గోడ కట్టించింది. దండెం మీద చూసింది గడప దాటకూడదన్నది ఆమె వృత్తిధర్మం. ఎవరి మొగుడి చొక్కా ఎవరిని కౌగిలించుకుందో ఆమెకు తెలుసు. ఆమె నోట్లో నువ్వుగింజ వేస్తే ఏళ్ల తరబడి నానుతూనే ఉంటుంది.

ఆమె పెద్దకూతురు హక్కుల సంఘం మనిషి. లాకప్పులో చచ్చిపోయినవాళ్ల పేర్లు చదువుతూ ఊరేగింపు తీసినందుకు జైల్లో పెట్టారు. వారంవారం ఆమె విడిచిన బట్టలు ఉతకడానికి ఇంటికొచ్చేవి. తడిపితే, కూచుని పుస్తకం చదువుతున్నట్టుండేవి. "తిన్నావుటే?" అంటూ అమ్మ వాటికి క్లిప్పులు పెట్టేది.

ఈసారి మాత్రం ఉతికి, ఇస్త్రీ చేసి పంపారు.

"జైలువాళ్లకు ఇంత శుభ్రం ఎప్పట్నించమ్మా?" అంది చిన్నకూతురు. కాలేజీలో వాదనకు దిగితే మేష్టార్లకే చెమటలు పట్టించే పిల్ల.

అమ్మ ఆ చొక్కాను మళ్లీ తడిపి ఆరేసింది. అది ఒట్టి గుడ్డలా వేలాడింది. జైల్లోనే ఒకసారి ఆరిపోయింది కదా, అందులో ఏమీ మిగల్లేదు.

పెద్దది బాత్రూంలో జారిపడిందని జైలరు కబురు చేశాడు. చూడనివ్వలేదు. ఇవాళ వాయిదా. "కొట్టారంటే రుజువేదంటారు. లేకపోతే మళ్లీ అదే జైలుకి," అని ప్లీడరు ముందే చెప్పాడు. మళ్లీ అక్కడికి పోతే మనిషి తిరిగి రాదని ప్లీడరుతో సహా ముగ్గురికీ తెలుసు.

జైలు సిబ్బంది బట్టలు కూడా ఎప్పుడూ ఈ కొట్టుకే. పెద్దకూతురి బట్టలు తెచ్చిన జవానే ఆ మూట కూడా పడేసి పోయాడు. అందులోంచి జైలరు యూనిఫాం తీసి ఉతికి దండెం మీద వేసింది అమ్మ.

చొక్కా ఎడమచెయ్యి కిందికి వంగి దేన్నో గట్టిగా పట్టుకుంది. ప్యాంటు మోకాలు ముందుకొచ్చి అదిమింది. కుడిచెయ్యి లేచింది, దిగింది. మళ్లీ లేచింది.

"చూశావా!" చిన్నది పళ్లు బిగించింది. "అక్కవి ఉతికారు. తనవి ఉతుక్కోవాలని తట్టలేదు మహానుభావుడికి! దీన్ని వీధిలో కడదామమ్మా."

"గడప దాటకూడదే."

"అది కాపురాల గుట్టు. ఇది నేరం. రెండింటికీ ఒకే గోడేనా?"

"నీ కాలేజీ వాదనలు నా దగ్గరొద్దు. రేపట్నించి ఈ కొట్టులో ఎవరైనా బట్టలు వేస్తారా?"

అమ్మ కళ్లు మాత్రం ఎడమచేతి మీదే ఉన్నాయి. కింద కూచోబెట్టుకుని తాను ఇన్నేళ్లూ జడలు వేసిన పెద్దదాని తల సరిగ్గా అంతే ఎత్తు.

"మేకులు తే," అంది.

కోర్టు తెరవకముందే యూనిఫాం కొట్టు ముందు వేలాడుతోంది. జనం మూగారు. వ్యాన్‌లోంచి దిగిన జైలరు తన చొక్కాను తానే గుర్తుపట్టాడు.

"ఏమమ్మా, అది నాది. తీసివ్వు."

"తడిగా ఉంది సార్. తడిబట్ట చేతికివ్వడం మా కొట్టులో లేదు."

"ఆరేదాకా ఇక్కడే నిలబడతాను."

"నిలబడండి," అని అమ్మ దోసెడు నీళ్లు తీసి దానిమీద కొట్టింది.

అతను ముందుకు రాబోయాడు. జనం జరగలేదు. ఎండ ముదిరి, లేచిన చెయ్యి కాస్త వాలితే, టీకొట్టతను జగ్గుతో నీళ్లు పోశాడు. తర్వాత టైపిస్టు, ఆ తర్వాత వాయిదాకొచ్చిన ముసలాయన. ఒక ప్లీడరు మెల్లగా వచ్చి, "నా కోటు పెరట్లోనే ఉంది కదమ్మా?" అన్నాడు.

"నువ్వెవర్నీ కొట్టలేదుగా బాబూ. లోపలే ఉంటుంది."

అప్పుడు పెద్దకూతురిని వ్యాన్‌లోంచి దించారు. కుంటుతోంది. యూనిఫాంని చూసి ఆగింది. నేరుగా దాని దగ్గరికి నడిచి, కింద కూచుంది. ఎడమచెయ్యి ఆమె జుట్టులోకి వచ్చి ఇమిడింది. మోకాలు వీపుకు ఆనింది. ఆమె మెడ దగ్గర బట్ట తొలగించింది. కుడిచెయ్యి దిగి ఆగిన చోట భుజం నల్లగా కమిలి ఉంది.

గేటు దగ్గర కారు దిగిన జడ్జిగారు చూస్తూ ఉండిపోయారు.

"రుజువు అడుగుతారు కదండీ," అంది ఆమె లేవకుండానే. "దాన్నే అడగండి."

ఆమెను ఆ జైలుకి పంపలేదు. బయటి డాక్టర్లు చూశారు. జైలరు మీద కేసు నమోదైంది. యూనిఫాం కోర్టు స్వాధీనమైంది, విచారణ ముగిసేదాకా కోర్టు గేటు మీద కట్టి ఉంచాలని, ఆరనివ్వకూడదని ఉత్తర్వు.

విచారణ నత్తనడక నడుస్తోంది. అయినా గేటు పక్కన పెట్టిన నీళ్ల బకెట్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. లోపలికి పోయేవాళ్లు దోసెడు చల్లి మరీ పోతారు. అమ్మ కొట్టులో బట్టలేమీ తగ్గలేదు.

జైలరు వాయిదాకి ఒక్కడే వస్తాడు. దారి ఒకటే. లేచి ఉన్న ఆ చేతికింద తల వంచుకుని లోపలికి పోవాలి.