వీధి చుట్టిన బాతు

ఇబ్తిహాల్‌కి ఆ బాతు మీద అనుమానం ఆ రోజు మూడో ఇంట్లో వచ్చింది.

ఆమె కైరో నుంచి దుమ్యాత్ వచ్చి పన్నెండు రోజులైంది. రేవులో దిగుతున్న చవక మంచాలూ బీరువాలూ ఇక్కడి వడ్రంగుల పొయ్యిలో ఎన్ని నీళ్ళు పోశాయో తేల్చడం ఆమె పరిశోధన. దాన్ని బట్టే ఈ వీధులకు సర్కారు సాయం వచ్చేదీ రానిదీ. వీధిలో కొట్లన్నీ మూతబడి, తాళాలు తుప్పుపట్టి ఉన్నాయి. ఇళ్ళల్లోకి వెళ్తే మాత్రం అందరిదీ ఒకటే మాట, "దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు." ఇప్పటికి ముప్పై ఎనిమిది ఇళ్ళు, ముప్పై ఎనిమిది దేవుడి దయలు.

"వారంలో మాంసం ఎన్నిసార్లు వండారు పిన్నీ?" అని ఆ మూడో ఇంటావిడ ఇన్షిరాహ్‌ని అడిగింది.

ఇన్షిరాహ్ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. అంచు విరిగిన నీలం పళ్ళెంలో, ఎడమ రెక్క కాస్త మాడిన బాతు దర్జాగా పడుకుని ఉంది. పొద్దున మొదటింట్లోనూ ఇదే రెక్క మాడింది. రెండో ఇంట్లోనూ ఇదే అంచు విరిగింది.

ఇంటికొచ్చినవాళ్ళ ముందు మాంసం పెట్టకపోతే ఆ వీధిలో పరువు పోయినట్టే. వచ్చినవాళ్ళేమో "ఇప్పుడే తిన్నాను, చోటు లేదు" అనాలి. ఇబ్తిహాల్ మర్యాద తెలిసిన పిల్ల, రెండిళ్ళలోనూ అలాగే అంది. ఆమె వీధిలోంచి నడిచి వచ్చేలోగా బాతు పెరటి గోడ దాటి పక్కింటికి చేరిపోయేది. ఫారంలో మాత్రం ఇంటింటికీ 'మాంసాహారం: ఉంది' అని పడింది. పన్నెండు రోజులుగా ఇలా ఎన్ని బాతులు గోడలు దూకాయో.

"తిను తల్లీ, మొహమాటపడకు," అంది ఇన్షిరాహ్, తినదులే అన్న ధీమాతో.

"సరే పిన్నీ," అని ఇబ్తిహాల్ తొడ ఊడబెరికింది.

ఇన్షిరాహ్ మొహం పాలిపోయింది. గోడ అవతల ఎవరిదో దగ్గు మధ్యలో ఆగింది. ఇబ్తిహాల్ రెండో తొడ కూడా తినేసింది. కసి కొంత, ఉప్పూకారం కుదరడం కొంత.

నాలుగో ఇంట్లో తవహీదా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మాంసం ఎన్నిసార్లు..."

"తిన్నదానివి నువ్వు, నువ్వే చెప్పు. నాలుగిళ్ళవాళ్ళం కలిసి కొన్నాం. రాత్రికి పిల్లలకి తలో ముక్కా పెడదామనుకున్నాం."

"తప్పైపోయింది పిన్నీ."

"తప్పుని వండుకోమంటావా? ఒకప్పుడు మా ఆయన చెక్కిన మంచం లేనిదే ఊళ్ళో పెళ్ళి కుదిరేది కాదు. ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. ఉలులు అమ్ముకున్నాం. పిల్లని కాలేజీ మాన్పించాం. పండక్కి తప్ప మాంసం మొహం చూడం. రాసుకో, కడుపు నిండిందిగా, ఓపికుంటుంది."

ఇబ్తిహాల్ తల ఎత్తకుండా రాసుకుంది. కాగితానికి జిడ్డంటింది. నలభై ఇళ్ళలో మొదటి నిజం అది.

సాయంత్రం ఆమె పంపిన ఫారాలు చూసి, కైరో నుంచి ఆమె పరిశోధన గైడు డాక్టర్ వజ్దీ ఫోన్ చేశాడు.

"ముప్పై తొమ్మిది ఇళ్ళు ఒకలా ఉన్నాయి, ఒక్కటే తేడాగా ఉంది. పొరపాటున రాసుంటావమ్మా. తీసేయ్."

"ఆ ఒక్కటే నిజం సార్. మిగతావన్నీ వీధికో బాతు. మళ్ళీ తిరగనివ్వండి."

"గడువు రేపే కదా. అయినా ఫారంలో బాతుకి విడిగా కోడ్ లేదు. మాంసాహారం కింద వెయ్యి."