ఎడమవైపు పేజీలు

లోకాన్ని గెలవాలంటే తెల్లవారుజామున ఐదింటికి లేవాలని ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. అది చదివేటప్పటికి నేను లేచి గంట దాటింది. ఇడ్లీ మొదటి వాయి దించి, రెండో వాయి పెట్టి, అది ఉడికేలోగా దొరికే పది నిమిషాల కోసం పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాను. ఐదింటికి లేచిన ఆ పెద్దమనిషి అరగంట ధ్యానం చేస్తాడట, అరగంట నడుస్తాడట, ఆ తర్వాత బాల్కనీలో వేడి వేడి కాఫీ తాగుతూ ఆ రోజు సాధించాల్సినవి రాసుకుంటాడట. నోటుబుక్కు తీసి కుడివైపు పేజీలో ఇవన్నీ వరసగా రాశాను. ఎడమవైపు పేజీలో, "ఆ కాఫీ ఎవరు పెట్టారు?" అని రాసుకున్నాను.

కుడివైపు పేజీలు మా ఆయనవి. అజయ్ బాబు గారంటే తెనాలిలో చాలామందికి తెలుసు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. సెలవు రోజుల్లో కాలేజీలకీ చర్చి కూడికలకీ వెళ్ళి వ్యక్తిత్వ వికాసం మీద ప్రసంగాలు చేస్తారు. గొంతు బాగుంటుంది, ఇస్త్రీ చొక్కా నలగకుండా రెండు గంటలు మాట్లాడగలరు. చదవడం ఒక్కటే ఆయన వల్ల కాదు, నాలుగు పేజీలు తిప్పేసరికి కునుకు పడుతుంది. అందుకని పెళ్ళైన రెండో ఏడు ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, "క్రిస్టినా, నువ్వెలాగూ ఖాళీయేగా, ఇది చదివి పాయింట్లు రాసిపెట్టు," అన్నారు. అప్పటికే నేను ఒక ప్రైవేటు స్కూల్లో యూకేజీ పిల్లలకి చెప్పేదాన్ని. ఇంటికొచ్చి వంట, అంట్లు, బట్టలు. ఇందులో ఖాళీ ఎక్కడుందో ఆయనకి కనబడింది గాని నాకు కనబడలేదు. అయినా పుస్తకం దానంతట అది చేతికొచ్చిందని సంతోషపడ్డాను, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

అలా ఇరవై రెండేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. విజయం మీద, సమయం మీద, ధనం మీద, ఆలోచనల మీద. కుడివైపు ఆయనకి కావలసినవి రాసి, ఎడమవైపు నాకు తోచింది రాసుకోవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. వద్దు అనడం నేర్చుకోండి అన్న అధ్యాయం దగ్గర, "ఎవరితో?" అని ఉంటుంది. మీ అతి పెద్ద భయాన్ని ఎదుర్కోండి అన్నచోట, "చాలాసేపు ఆలోచించాను. చుట్టాలొచ్చిన రోజు గ్యాస్ అయిపోవడం," అని ఉంటుంది. ఆ పుస్తకాలన్నిటిలో మనుషులు కలలు కంటారు, పడతారు, లేస్తారు, శిఖరాలు ఎక్కుతారు. ఒక్కరికీ మధ్యాహ్నం ఆకలి వెయ్యదు. ఒక్కరి ఇంట్లోనూ ముసలివాళ్ళకి మోకాళ్ళ నొప్పి రాదు. మొదట్లో నాకేదో తక్కువైంది కాబోలు, అందుకే ఇవి నన్ను లేవనెత్తడం లేదనుకునేదాన్ని. తర్వాత తర్వాత, ఇవి నాకోసం రాసినవి కావులే అని ఊరుకున్నాను.

నాకోసం రాసినట్టుండేవి నవలలే. నేను గొప్ప పాఠకురాలినేం కాదు. రాసినవాళ్ళ పేర్లు గుర్తుండవు, కథ కూడా నెల తిరిగేసరికి సగం మర్చిపోతాను. అది చదివే రోజుల్లో బయట ఎండగా ఉందా, పొయ్యి మీద ఏ కూర మాడింది అన్నది మాత్రం గుర్తుంటుంది. ఒక నవలలో ఓ పోస్టుమాస్టరు భార్య వానాకాలమంతా కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఇంకేం జరగదు. లైబ్రరీలో చేతికందిందని తెచ్చుకున్నాను. అది చదివిన వారం రోజులూ మా వీధిలో వాన పడుతున్నట్టే ఉండేది, ఏప్రిల్ నెల అయినా సరే. గిన్నెలు తోముతుంటే కుళాయి చప్పుడు వాన చప్పుడులా వినిపించేది. స్కూల్లో పిల్లలు ఏనుగు బొమ్మకి రంగులు వేస్తుంటే నేను ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేదాన్ని.

"పుస్తకంలో కూడా ఎవరన్నా కూర వండుతున్నారా అమ్మా? ఇక్కడిది మాడిపోతా ఉంది," అనేది మా అత్తగారు కాంతమ్మ గారు. "చదవాలనుంటే బైబిలు వాక్యం చదువుకోకూడదా?" అని కూడా అనేది. ఆయనదీ అదే పాట, కాస్త తీయగా. "నవలల వల్ల ఏమొస్తుంది క్రిస్టినా? ఒక్క పాయింటు దొరకదు. టైం వేస్టు." ఆయన మంచివారు. తాగరు, చెయ్యెత్తరు. ఆ రెండూ చెయ్యని మగవాడి మీద ఫిర్యాదు చెయ్యడానికి మాటలు దొరకవు, వెతికి వెతికి మళ్ళీ గిన్నెల దగ్గరికే వస్తాం.

పోయిన నవంబరులో ఒక రోజు స్కూలుకెళ్ళేసరికి గేటు దగ్గరే ఆపేశారు. కరస్పాండెంటు గారి నాన్నగారు పోయారట, సెలవు. తొమ్మిది కూడా కాలేదు. ఇంటివైపు నాలుగడుగులు వేశాను. ఇల్లు చేరితే ఏం జరుగుతుందో తెలుసు, బియ్యం ఏరడం దగ్గర్నుంచి బూజు దులపడం దాకా ఆ రోజు నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. సంచిలో సగం చదివిన నవల ఉంది. కాళ్ళు స్టేషనువైపు తిరిగాయి. ముందు కదిలే బండి ఏదని అడిగితే రేపల్లెది అన్నారు. "రేపల్లె ఒకటివ్వండి," అన్నాను, అక్కడ నాకెవరో ఉన్నట్టు.

బండి ఊరు దాటగానే రెండువైపులా చేలు. కోతకొచ్చిన వరి పక్కకి ఒరిగి పడుకుని ఉంది. కాలవ గట్టున ఎవరో సైకిలు మీద బండితో పోటీపడి, ఓడిపోయి, నవ్వుతూ కాలు కింద పెట్టారు. వేమూరు, భట్టిప్రోలు. స్టేషను స్టేషనుకీ గంపలూ బిడ్డలూ ఎక్కి దిగుతున్నారు, నన్ను ఎవరూ ఎక్కడికని అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. వెలుతురు ముఖం మీద పడి పోతోంది, మళ్ళీ పడుతోంది. అంత తేలిగ్గా నేను చిన్నప్పుడు కూడా ఉన్నట్టు గుర్తులేదు.

రేపల్లెలో దిగి ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. వేరుశనక్కాయలు కొనుక్కున్నాను. నవల తెరిచి తొంభై పేజీలు చదివాను. ఆ తొంభై పేజీల్లో నన్ను ఎవరూ పిలవలేదు. మూడుసార్లు పిలిచినట్టే అనిపించి తలెత్తి చూశాను. ఎవరూ లేరు, ఒక కుక్క నిద్రపోతోంది, గాలికి కాగితం దొర్లుతోంది. మూడోసారి నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. దుఃఖం కాదు. అంతసేపు నేను నాతో ఉన్నానని తెలిసి ఏడుపొచ్చింది. తిరుగు బండిలో వచ్చి, రోజూ వచ్చే వేళకే ఇంట్లో అడుగుపెట్టి టీ పెట్టాను.

ఆ రోజు గురించి రాస్తే ఎడమవైపు పేజీలు నాలుగు నిండాయి. నా గురించి నేను రాసుకోవడానికి సిగ్గేసింది, అందుకని ఎవరో ఒకావిడ గురించి రాసినట్టు రాశాను. ఒక టీచరమ్మ, అనుకోని సెలవు, రేపల్లె బండి, తొంభై పేజీలు. రాసి నోటుబుక్కు బీరువా మీద పెట్టేశాను. ఎడమవైపు పేజీలు ఆయన ఎన్నడూ చూసింది లేదు, అవి పిచ్చిగీతలని ఆయన లెక్క.

మార్చిలో బాపట్ల నుంచి పిలుపొచ్చింది. అక్కడి చర్చి స్త్రీల సమాజం వాళ్ళు మహిళా దినం కూడిక పెట్టుకుని, స్త్రీల గొప్పతనం మీద మాట్లాడమని ఆయన్ని అడిగారు. మీ ఆవిడని కూడా తీసుకురండి అన్నారట. "ఆడవాళ్ళకి పనికొచ్చేదేమన్నా రాశావా?" అని అడిగారు. నాకు వారం రోజులుగా జ్వరం, రాయలేదని చెప్పాను. బాపట్ల వెళ్ళే బండిలో ఆయన నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పుతున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. కాసేపటికి, "దొరికిందిలే, మంచి కథ," అన్నారు. ఏ పుస్తకంలోదో అనుకున్నాను.

వందమంది దాకా ఆడవాళ్ళు. తెల్ల చీరలు, ఒళ్ళో పిల్లలు, వెనక టీ గ్లాసుల చప్పుడు. ఆయన మైకు సర్దుకుని మొదలుపెట్టారు. "ఈ మధ్య ఒక నవల చదివానండి. మన ప్రాంతపు కథే. అది చదివి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు." నాకు నవ్వొచ్చింది, ఆయన తొమ్మిదిన్నరకల్లా గురక పెడతారు. "అందులో ఒక టీచరమ్మ. ఒక రోజు స్కూలుకి సెలవిచ్చేశారు. ఇంటికి వెళ్ళలేదు. రేపల్లె బండెక్కింది..."

ఎడమవైపు పేజీలు తిప్పారన్నమాట, ఏదో నవల్లోంచి ఎత్తి రాశాననుకున్నారు. వేరుశనక్కాయలు కూడా చెప్పారు. కుక్క కూడా చెప్పారు. మూడుసార్లు తలెత్తి చూసింది అన్నప్పుడు గొంతు తగ్గించారు, చాలా బాగా చెప్పారు, ముందు వరసలో ఒకామె పైటకొంగు కళ్ళకి ఒత్తుకుంది. ఇరవై రెండేళ్ళలో నా మాట ఒకటి ఆయన మనసుకి తగలడం అదే మొదటిసారి. అది నాదని తెలియకపోవడం వల్లే తగిలింది. నాకు కోపమొచ్చింది. పాయింట్లు తీసుకున్నారు, పోనీలే అనుకున్నాను. నా జీవితంలో నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఆ ఒక్క రోజు.

"మరి ఆమె ఎందుకు తిరిగొచ్చింది?" అని ఆయన చేతులు చాచారు. "అదండీ స్త్రీ అంటే! అంత స్వేచ్ఛ దొరికినా ఇల్లు గుర్తొచ్చింది. భర్త, పిల్లలు, పెద్దవాళ్ళు, బాధ్యత! ప్రేమే ఆమెని వెనక్కి లాక్కొచ్చింది." చప్పట్లు మోగాయి. నేను కూడా రెండుసార్లు కొట్టాను, అలవాటు కొద్దీ. మూడోసారి చేతులు కలవలేదు.

ప్రశ్నలుంటే అడగండమ్మా అంది పాస్టరమ్మ గారు. మధ్య వరసలోంచి ఓ అమ్మాయి లేచింది. పాతికేళ్ళు కూడా ఉండవు, భుజం మీద పసిబిడ్డ. పేరు జెన్నిఫర్ అని చెప్పింది. "సార్, ఆ నవల పేరేంటండి? నేను చదవాలండి."

ఆయన నోటుబుక్కు అటూ ఇటూ తిప్పారు. పేరెక్కడా లేదు. చిరునవ్వుతో నావైపు చెయ్యి చూపించారు. "మా క్రిస్టినా చెప్తుంది. మా ఇంట్లో పుస్తకాలు సర్దేది ఆవిడేగా."

అందరూ నవ్వి నావైపు తిరిగారు. లేచి నిలబడ్డాను. నోటికొచ్చిన పేరేదో చెప్పేస్తే సరిపోతుంది. ఆయన పరువు నిలబడుతుంది, టీలు తాగి బండెక్కుతాం. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది అదే, ఆయన మాటల కింద కనబడకుండా నిలబడటం. కానీ ఒక దొంగ పేరు చెప్పిన క్షణాన ఆ రోజు ఆయనదైపోతుంది. ఇక ఊరూరా ఆయన దాన్ని చెప్తారు, ఊరూరా ఆవిడ బాధ్యత గుర్తొచ్చి తిరిగొస్తుంది. ఆ అమ్మాయి కూడా అదే నమ్ముతుంది.

"అది పుస్తకం కాదమ్మా," అన్నాను. "అలా వెళ్ళింది నేనే. పోయిన నవంబరులో."

మైకు కీచుమంది. ఆయన నవ్వు సగంలో ఆగిపోయి ముఖం మీద అలాగే ఉండిపోయింది. "క్రిస్టినా, ఏంటది, కూర్చో," అన్నారు మెల్లగా. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. నాకు జాలేసింది, అయినా కూర్చోలేదు.

"సార్ చెప్పిందాంట్లో ఒకటి తప్పు," అన్నాను. "ఇల్లు గుర్తొచ్చి నేను తిరిగి రాలేదు. రేపల్లె తర్వాత పట్టాలు లేవు. అందుకని వచ్చాను."

వెనక టీలు పోస్తున్న పెద్దావిడ ఒకామె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు వరసలు దాటి ముందుకొచ్చింది. కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, కొందరు పెట్టుకోలేదు. నేను వేదిక దగ్గరికి నడిచి వెళ్ళి, ఆయన చేతిలోంచి నోటుబుక్కు తీసుకున్నాను. ఆయన గట్టిగా పట్టుకోలేదు. నన్ను చూస్తున్నారు, పరిచయం లేని మనిషిని చూసినట్టు.

జెన్నిఫర్ ఇంకా నిలబడే ఉంది. బిడ్డని ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకుంది. "అక్కా, మళ్ళీ ఎప్పుడెళ్తారు?"

"ఎప్పుడో తెలీదమ్మా," అన్నాను ఆయన వింటుండగానే. "ఈసారి మాత్రం ఇంట్లో చెప్పే వెళ్తాను."