పిన్ను పట్టింది కదా!

ఆ లాప్‌టాప్‌ను ఎత్తి గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. చార్జర్ పెట్టే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది, బ్యాటరీ మాత్రం చిల్లు కుండలో నీళ్లలా దిగిపోతోంది. చిన్నపిల్లల బడికి గీస్తున్న ప్లాను సాయంత్రం నాలుగింటిలోపు పంపాలి. ఇన్నేళ్లూ ఎవరెవరి సంతకాల కిందో గీసింది. తనను నమ్మి, తనకే ఇచ్చిన మొదటి పని ఇది. ఇది చెడితే ఇంకోటి ఎవరిస్తారు?

సాకెట్ మార్చింది. పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి బాల్కనీకి దాన్ని తిప్పింది. గీత గీస్తే నత్తనడక. ప్లాను మొత్తం తెరిస్తే టప్పున ఆరిపోవడం.

మొగుడుగారు పక్కగదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాడు. వారం రోజులుగా ఆయనది ఒకటే పాట. "దానికి వయసైపోయిందే. నీకూ ఈ సొంతపనులు అచ్చిరావు. హాయిగా మానెయ్యరాదూ?" పోనీలే, తన మీద జాలితో అంటున్నాడనుకుంది, పిచ్చి మాలోకం!

మళ్లీ ఆన్ చేయగానే తెర మీద రోజూ వచ్చే చిన్న పెట్టె వచ్చింది. "అది అందరికీ వచ్చేదే, ఓకే నొక్కెయ్" అని ఆయనే చెప్పాడు. ఆమె కూడా చదవకుండా నొక్కేస్తూ వచ్చింది. ఈసారి చదివింది. కంప్యూటర్‌కు కావలసినంత కరెంటును ఈ అడాప్టర్ ఇవ్వడం లేదు, దీనితోపాటు వచ్చిన అడాప్టర్‌నే వాడండి అని ఉంది.

మరి ఇదెక్కడిది? తిరగేసి చూసింది. అడాప్టర్ మీద అరవై అయిదు వాట్లు. లాప్‌టాప్ అడుగున నూటముప్పై. అదే కంపెనీ, అదే నలుపు, పిన్ను కూడా చక్కగా పడుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ ఆమె పట్టేసింది.

తలుపు తోసుకుని వెళ్లింది. ఆయన బల్ల కింద ఆమె అడాప్టర్ బుద్ధిగా కూర్చుని ఉంది.

ఆయన మైకు ఆపి గొంతు తగ్గించాడు. "నాది కుర్చీ చక్రం కింద పడి నలిగిపోయింది. అలమరలో పాతదుంటే నీకు పెట్టా. పిన్ను పట్టింది కదా!"

"ఆ పాతది మీరే పెట్టుకోవచ్చుగా?"

"నాకు మీటింగులు! నీదంటే ఇంట్లో కూర్చుని గీసుకునేదే కదా, కాస్త ఆగితే కొంపలేం మునుగుతాయి?"

ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లుగా 'మీరు' దాటని నోరు ఒక్కసారిగా గట్టు తెంచుకుంది.

"వస్తువు ఎత్తుకుపోయింది చాలక, వారం నుంచి మానెయ్ మానెయ్ అంటూ చెవిలో జోరీగలా రొద పెడతావా? నీ దొంగతనానికి నా చేతకానితనమని పేరు పెడతావా నువ్వు?"

"ఆగవే, బాసు లైన్లో ఉన్నాడు!"

"ఉండనీ!"

వైరు పట్టి లాగేసింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన ఆయన లాప్‌టాప్ తెర నల్లబడింది. ఆయన ముఖం కూడా.

హాల్లోకొచ్చి ఆయన గదికి బయటినుంచి గడియ పెట్టింది. "నా పరువు తీశావు కదే!" అంటూ ఆయన తలుపు బాదుతున్నాడు. ఆమె తలెత్తలేదు. గీత ఒక్కటీ వంకర పోలేదు. గదులు, కిటికీలు, పిల్లల ఎత్తుకు తగ్గ మెట్లు, అన్నీ ముగిశాయి. కింద మూలన, గీసినవారి పేరు రాయాల్సిన గడి ఒక్కటే మిగిలింది.

అందులో తన పేరు రాసింది, ముందు పుట్టింటి ఇంటిపేరు పెట్టి. పంపించేసింది.